ఇంజిన్‌లోకి నీళ్లు కొట్టడం (వాటర్ ఇంజెక్షన్): తరచుగా అడిగే ప్రశ్నలు

"ఇంజిన్‌లోకి నీళ్లు కొడితే పవర్ పెరుగుతుందట, నిజమేనా?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కారు నీళ్లతో నడుస్తుందేమోనన్న ఆశ, ఇంజిన్ పోతుందేమోనన్న భయం, ఆఖర్న కిట్ ఎంతన్న బేరం. మాటలు ఈ వరసలోనే సాగుతాయి. చెప్పిందే చెప్పలేక జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా రాశాను కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోండి. ఒకే మాట రెండు చోట్ల కనబడితే కారణం అదే.

## వినగానే వచ్చే అనుమానాలు

అయితే కారు నీళ్లతో నడుస్తుందన్నమాటేనా?

కాదు. హైడ్రోజన్ మండిపోయాక మిగిలేదే నీరు. ఒకసారి కాలిపోయినదాన్ని మళ్లీ కాల్చి శక్తి తీయడం కుదరదు. వాటర్ ఇంజెక్షన్ ఉన్న బండి కూడా పెట్రోలుతోనో డీజిల్‌తోనో నడవాల్సిందే. ఇంజిన్ పీల్చే గాలిలో కొద్దిగా నీటి తుంపర కలుపుతారు, అంతే. నీళ్లను పెట్రోలు చేస్తామనే మాటలకు మన దక్షిణాదిలో గిరాకీ ఎప్పుడూ ఉంది. 1996లో తమిళనాట లేచిన 'మూలికా పెట్రోలు' సంబరం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇరవై ఏళ్లు గడిచాక, 2016లో, చెన్నై కోర్టు దాన్ని మోసమని తేల్చి జైలుశిక్ష వేసింది.

హెచ్‌హెచ్‌ఓ కిట్, హైడ్రోజన్ కిట్ అని అమ్మేది ఇదేనా?

రెండింట్లోనూ నీళ్లుంటాయి తప్ప వాటికి పొత్తు లేదు. ఆ కిట్లు బండి కరెంటుతో నీటిని విడగొట్టి, వచ్చిన వాయువును ఇంజిన్‌కి పంపుతాయి. ఆ కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్. దాన్ని తిప్పేది ఇంజిన్. ఇంజిన్‌ని నడిపేది మీరు బంకులో డబ్బిచ్చి పోయించిన పెట్రోలు. ప్రతి మెట్టులోనూ కొంత వేడి రూపంలో పోతుంది కాబట్టి తిరిగొచ్చేది పెట్టినదానికన్నా తక్కువే. వాటర్ ఇంజెక్షన్‌లో ఈ విడగొట్టడం లేదు. నీరు నీరుగా వెళ్లి ఆవిరిగా బయటికొస్తుంది.

వరద నీళ్లు ఇంజిన్‌లోకి పోతే కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. మరి కావాలని కొట్టడమేమిటి?

తేడా అంతా మోతాదులో ఉంది. 1,500 సీసీ, నాలుగు సిలిండర్లు, 10:1 కంప్రెషన్ (అంటే లోపలి గాలిని పదో వంతుకు నొక్కేది) ఉన్న ఇంజిన్‌ని తీసుకోండి. ఒక్కో సిలిండర్ 375 సీసీ. పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ దాదాపు 42 సీసీ. అంతకు మించి నీళ్లు చేరితే, నీటికి గాలిలా నొక్కుకునే గుణం లేదు కాబట్టి పిస్టన్ ఆగిపోతుంది, రాడ్ వంగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగిన కార్లలాంటి వాటిని స్టార్ట్ చేయకుండా షెడ్డుకు లాక్కెళ్లాలనేది ఇందుకే.

ఇదే ఇంజిన్‌కి టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి ఎక్కించే పరికరం) బిగించి నీళ్లు కొట్టినా, ఒక్కో సిలిండర్‌కి ఒక్కో విడతలో చేరేది 0.02 సీసీ కూడా ఉండదు. అంటే ప్రమాదం మొదలయ్యే మోతాదులో రెండు వేల వంతు. అదీ తుంపరగా. కాకపోతే ఇంజిన్ ఆపేశాక తుంపర చిమ్మే నాజిల్ కారి నీళ్లు లోపల గుంటకడితే మాత్రం అసలైన వరద ప్రమాదమే వస్తుంది. అందుకే మంచి కిట్లలో కరెంటుతో తెరుచుకుంటూ మూసుకుంటూ నీటిని అడ్డుకునే సోలనాయిడ్ వాల్వు తప్పకుండా ఉంటుంది.

లోపల తుప్పు పట్టదా?

మీ ఇంజిన్‌లో ఇప్పటికే రోజూ నీళ్లు పుడుతున్నాయి. 1 కిలో పెట్రోలు మండితే సుమారు 1.4 కిలోల నీరు తయారవుతుంది. లీటరు లెక్కన చూస్తే లీటరు పెట్రోలుకు దాదాపు లీటరు నీరు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి కారే చుక్కలు అవే. బయటి నుంచి మనం కొట్టే నీరు దీంతో పోలిస్తే స్వల్పం. వేడెక్కిన ఇంజిన్‌లో అది ఆవిరిగా వెళ్లిపోతుంది. తుప్పు వస్తే ట్యాంకులో, పైపుల జాయింట్లలో, పంపులో వస్తుంది. వాటికి ప్లాస్టిక్కో స్టెయిన్‌లెస్ స్టీలో వాడితే సరి.

వాన పడినప్పుడు బండి బాగా లాగుతుందంటారు. అందులో నిజముందా?

కొంత ఉంది. వాన పడితే గాలి చల్లబడి చిక్కబడుతుంది, ఇంజిన్‌కి ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది. గాలిలో తేమ నాకింగ్‌ని, అంటే మంట చేరకముందే పెట్రోలు తనంతట తానే అంటుకోవడాన్ని, కాస్త అణుస్తుంది కూడా. కానీ ఆ తేమే ఆక్సిజన్ చోటును కొంత ఆక్రమిస్తుంది. మామూలు బండిలో ఈ రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. మిగిలినదంతా ఎండ తగ్గిన మన ప్రాణానికి కలిగే హాయి.

## లోపల ఏం జరుగుతుంది

నీళ్లు మండవు కదా, మరి పవర్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ పేజీ మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. నీరు సొంతంగా పవర్ ఇవ్వదు. ఇంజిన్ భయపడి వదిలేసుకుంటున్న పవర్‌ని తీసుకోనిస్తుంది.

ఆ భయం పేరు నాకింగ్. ప్లగ్ నిప్పు పెట్టగానే మంట ఒక మూల నుంచి మొదలై సిలిండర్ అంతా పాకాలి. మంట చేరేలోపే అవతలి మూలన ఉన్న గాలీ పెట్రోలూ వేడికి, ఒత్తిడికి తమంతట తామే భగ్గుమంటే అదే నాకింగ్. అది మితిమీరితే పిస్టన్‌కి కన్నం పడుతుంది. దీన్ని తప్పించడానికి ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, ప్లగ్ నిప్పు పెట్టే క్షణాన్ని (టైమింగ్‌ని) వెనక్కి జరుపుతుంది, టర్బో ఒత్తిడిని తగ్గిస్తుంది. రెండింటివల్లా పవర్ పోతుంది.

ఇక్కడ నీటి గుప్తోష్ణం పనికొస్తుంది. 1 కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,257 కిలోజౌళ్ల వేడి కావాలి. అదే పెట్రోలుకు 350 దగ్గర సరిపోతుంది. వేసవి సాయంత్రం డాబా మీద బకెట్ నీళ్లు చల్లితే సెగ ఎలా లాగేస్తుందో, సిలిండర్‌లో తుంపర అలాగే వేడిని లాగేస్తుంది. అవతలి మూల చల్లబడి నాకింగ్ వెనక్కి తగ్గుతుంది. అప్పుడు టైమింగ్ ముందుకు జరపొచ్చు, టర్బో ఒత్తిడి పెంచొచ్చు, కంప్రెషన్ ఎక్కువ పెట్టొచ్చు. పవర్ వచ్చేది వీటి నుంచే. ఈ మూడింట్లో ఏదీ మార్చకుండా ఊరికే నీళ్లు కొడితే వచ్చేది సున్నా. ఒక్కోసారి అంతకన్నా తక్కువ.

నీరు ఆవిరైతే 1,600 రెట్లు ఉబ్బుతుంది. ఆ ఆవిరి పిస్టన్‌ని తొయ్యదా?

తోస్తుంది. కానీ ఆవిరి కావడానికి కావలసిన వేడిని నీరు తెచ్చుకోదు, పక్కనున్న మంటల్లోంచే లాక్కుంటుంది. ఆ వాయువులు చల్లబడి వాటి ఒత్తిడి తగ్గుతుంది. ఆవిరి ఇచ్చిందీ, వాయువులు పోగొట్టుకున్నదీ కలిపి చూస్తే లాభం దాదాపు ఉండదు. 1,600 రెట్లన్న అంకె కూడా మామూలు వాతావరణ పీడనం దగ్గరి లెక్క. పదుల రెట్ల ఒత్తిడి ఉన్న సిలిండర్‌లో అది వర్తించదు.

నాకింగ్ వస్తోందని నాకెలా తెలుస్తుంది?

ఎక్కువ గేర్‌లో, తక్కువ వేగంలో ఎక్సలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు రేకు డబ్బాలో గోళీలు కదిలిన శబ్దం వస్తే అది నాకింగే. కొత్త బండ్లలో నాక్ సెన్సర్ ఈ శబ్దం మన చెవిన పడకముందే పట్టుకుని టైమింగ్ వెనక్కి లాగుతుంది. శబ్దం వినబడదు, పికప్ మాత్రం తగ్గుతుంది. మే నెల ఎండల్లో టర్బో పెట్రోలు కారు మందగించినట్టు అనిపించడానికి ఇదీ ఒక కారణం.

మైలేజీ పెరుగుతుందా?

మామూలుగా నడిపేవాళ్లకు పెరగదు. గట్టిగా తొక్కినప్పుడు మాత్రం ఆదాకు అవకాశముంది. టర్బో ఇంజిన్ పూర్తి లోడ్‌లో ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ వేడికి టర్బో, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దెబ్బతినకుండా ఈసీయూ అవసరానికి మించి పెట్రోలు పోస్తుంది. ఆ ఎక్కువ పెట్రోలు మండటానికి కాదు, చల్లబరచడానికి. కూలెంట్ పనికి పెట్రోలు వాడటమన్నమాట. ఆ పని నీటికి అప్పగిస్తే పెట్రోలు మిగులుతుంది. గట్టిగా వేగం పెంచేటప్పుడు, హైవే మీద వేగంగా వెళ్లేటప్పుడు 13 శాతం దాకా ఆదా అని ఈ వ్యవస్థను తయారుచేసిన బాష్ సంస్థ ప్రకటించుకుంది. అది 'దాకా' అనే మాట, పైగా అమ్మేవాడి మాట. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఫస్టూ సెకండూ గేర్లలో పాకే బండికి ఆ లెక్క అంటదు.

నా కారుకి ఇంటర్‌కూలర్ ఉంది కదా, ఇదెందుకు?

ఇంటర్‌కూలర్ గాలిని సిలిండర్‌లోకి వెళ్లకముందే చల్లబరుస్తుంది, అదీ బయటి ఉష్ణోగ్రతకు దగ్గరగా మాత్రమే. బయట 44 డిగ్రీలుంటే అంతకన్నా చల్లబరచలేదు. నీటి తుంపర కొంత దారిలోనూ, కొంత సిలిండర్ లోపల కంప్రెషన్ జరుగుతున్నప్పుడూ ఆవిరై, వేడి పుట్టే చోటే పనిచేస్తుంది. చాలామంది కలగలిపే సంగతి ఒకటుంది: సుబారు ఇంప్రెజా ఎస్‌టీఐ, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ కార్లలో స్విచ్ నొక్కితే నీళ్లు చిమ్మేది ఇంటర్‌కూలర్ బయటి ఒంటి మీద. ఆ నీరు ఇంజిన్‌లోకి పోదు, దాన్ని వాటర్ ఇంజెక్షన్ అనరు.

డీజిల్ ఇంజిన్‌కి కూడా పనికొస్తుందా?

పనికొస్తుంది, కారణం వేరు. డీజిల్‌లో పెట్రోలు తరహా నాకింగ్ గొడవ లేదు. అక్కడ పోరు నైట్రోజన్ ఆక్సైడ్లతో. మంట మరీ వేడెక్కితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిపోయి ఈ విషవాయువులు పుడతాయి. నీరు ఆ వేడి శిఖరాన్ని కోసేస్తుంది. పెద్ద ఓడల ఇంజిన్లలో దీన్ని ఏళ్ల తరబడి వాడారు. వార్ట్‌సిలా సంస్థ నీటిని నేరుగా సిలిండర్‌లోకి కొట్టే పద్ధతితో నైట్రోజన్ ఆక్సైడ్లను సగానికి పైగా తగ్గించింది. మరికొందరు ఇంధనంలోనే నీటిని చిలికి కలిపారు. కలిపిన ప్రతి 1 శాతం నీటికీ సుమారు 1 శాతం తగ్గుదల అన్నది అక్కడి మోటు లెక్క. 2016 నుంచి కొన్ని సముద్ర ప్రాంతాల్లో నిబంధనలు బిగిశాక యూరియాతో పొగను శుద్ధిచేసే పద్ధతిదే పైచేయి అయింది. రీమ్యాప్ చేసిన (ఈసీయూ లెక్కలు మార్చి పవర్ పెంచిన) డీజిల్ కార్లలో మాత్రం ఎగ్జాస్ట్ వేడి తగ్గించడానికి కొందరు నీళ్లు వాడతారు.

## ఇంతకు ముందు ఎవరు వాడారు

ఇది కొత్తగా కనిపెట్టిందా?

నూరేళ్లు దాటింది. హంగరీ ఇంజినీరు బాంకి దొనాత్ 1890లలోనే నీటి పిచికారీ ఉన్న ఇంజిన్ చేశాడు. కేంబ్రిడ్జి ఆచార్యుడు బెర్‌ట్రామ్ హాప్కిన్సన్ 1913లో, గ్యాస్ ఇంజిన్‌ని బయట నీళ్ల జాకెట్టుతో కాకుండా సిలిండర్ లోపలే నీళ్లు కొట్టి చల్లబరిచే ప్రయోగాల్ని వివరించాడు. నాకింగ్ మీద జీవితమంతా పనిచేసిన హ్యారీ రికార్డో కూడా దీన్ని పరీక్షించాడు.

రెండో ప్రపంచ యుద్ధ విమానాల్లో వాడారంటారు, ఎలా?

వాటర్ ఇంజెక్షన్ పెద్దఎత్తున వాడింది అక్కడే. అమెరికా పీ-47 థండర్‌బోల్ట్‌లోని ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800 ఇంజిన్ మామూలుగా 2,000 హార్స్‌పవర్ ఇచ్చేది. నీళ్లు కొడితే 2,300. యుద్ధం చివరికి 2,500 దాటించారు. పైలట్ దీన్ని ఎప్పుడుపడితే అప్పుడు వాడడు. శత్రువు వెనక పడ్డప్పుడో, శత్రువును వెంటాడుతున్నప్పుడో కొద్ది నిమిషాలు.

జర్మన్ల సంగతి ఇంకా ఆసక్తికరం. వాళ్ల దగ్గర ఎక్కువ ఆక్టేన్ (అంటే నాకింగ్‌ని బాగా తట్టుకునే) పెట్రోలుకు కటకట. ఆ లోటును ఎండబ్ల్యూ 50 అనే ద్రవంతో పూడ్చుకున్నారు: సగం మెథనాల్ (ఒక రకం ఆల్కహాల్), దాదాపు సగం నీరు, తుప్పు పట్టకుండా అరశాతం నూనె. మెసర్‌ష్మిట్ 109 చివరి రకాల్లో దీంతో డీబీ 605 ఇంజిన్ సుమారు 1,800 హార్స్‌పవర్‌కి చేరింది. ఒక్క విడతకు 10 నిమిషాలే అనుమతి. ప్లగ్‌లు త్వరగా పోయేవి. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడి, ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే సూపర్‌చార్జర్ అందించే ఒత్తిడే పడిపోతుంది కాబట్టి అక్కడ నీళ్లతో లాభం లేదు. ఎత్తులో నైట్రస్ ఆక్సైడ్ వాడే వేరే ఏర్పాటు ఉండేది.

పాత జెట్ విమానాలు టేకాఫ్‌లో నల్లటి పొగ వదిలేవి. దానికీ నీళ్లకూ సంబంధముందా?

ఉంది. తొలి తరం జెట్ ఇంజిన్లకు నిండు బరువుతో పైకి లేచే ఊపు చాలక, టేకాఫ్ సమయంలో నీళ్లు కొట్టేవారు. గాలి చల్లబడి చిక్కబడుతుంది, ఇంజిన్ గుండా పోయే పదార్థం బరువు పెరుగుతుంది, తోపుడు పెరుగుతుంది. మంట చల్లబడి ఇంధనం సరిగా కాలకపోవడంతో ఆ నల్ల పొగ. బీ-52 బాంబర్లు, తొలి బోయింగ్ 707లు ఇలా లేచినవే. కేసీ-135ఏ ట్యాంకర్ విమానం ఒక్క టేకాఫ్ కోసం 2,500 లీటర్ల పైచిలుకు నీళ్లు మోసేది.

మన దేశంలోనూ ఇది జరిగింది. కాన్పూర్‌లో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) లైసెన్సు మీద తయారుచేసిన ఆవ్రో 748 విమానంలో రోల్స్‌రాయిస్ డార్ట్ ఇంజిన్లుండేవి. ఎండ మండే రోజుల్లో, ఎత్తయిన ఎయిర్‌పోర్టుల్లో పవర్ తగ్గకుండా వాటికి నీరూ మెథనాలూ కలిపి కొట్టేవారు.

ఇంత మంచిదైతే కార్లలో ఎందుకు నిలవలేదు?

నిలవనిది యజమానుల ఓపిక. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ కారుకు టర్బోతో పాటు ఒక సీసా కూడా ఇచ్చారు. అందులో పోసే నీరు, మెథనాల్ మిశ్రమానికి 'టర్బో రాకెట్ ఫ్లూయిడ్' అని దర్జా పేరు. 10.25:1 కంప్రెషన్ మీద టర్బో నడవాలంటే ఆ ద్రవం ఉండాల్సిందే. అయిపోతే ఒక వాల్వు టర్బో ఒత్తిడిని కట్టేస్తుంది, బండి నీరసపడుతుంది. జనం పోయడం మానేశారు, బండి లాగట్లేదని షోరూముకు పరిగెత్తారు. 1963తో మోడల్ ఆగిపోయింది. చాలా కార్లకు టర్బో పీకేసి మామూలు కార్బ్యురేటర్ పెట్టారు. తర్వాత సాబ్ 99 టర్బోకి అదనపు కిట్‌గా వచ్చింది. ఈలోగా నాక్ సెన్సర్లు, మంచి ఇంటర్‌కూలర్లు, సిలిండర్‌లోకే పెట్రోలు కొట్టే ఇంజెక్టర్లు వచ్చి, నీళ్లు పోసే బాధ లేకుండా అదే పని చాలావరకు చేసేశాయి.

ఈ మధ్య ఏ కంపెనీ అయినా ఇచ్చిందా?

బీఎండబ్ల్యూ ఇచ్చింది. 2015లో మోటోజీపీ బైకు రేసుల సేఫ్టీ కారులో చూపించి, 2016లో ఎం4 జీటీఎస్‌లో అమ్మింది. మామూలు ఎం4 431 హార్స్‌పవర్, ఇది 500. డిక్కీలో 5 లీటర్ల నీళ్ల ట్యాంకు, గాలి లోపలికెళ్లే దారిలో (ఇన్‌టేక్‌లో) మూడు నాజిళ్లు. ఇంజిన్ ఆపగానే పైపుల్లోని నీరు ట్యాంకుకు వెనక్కి వెళ్లిపోతుంది, చలిలో గడ్డకట్టకుండా. చేసిందే 700 కార్లు. రేస్ ట్రాక్ మీద తొక్కితే పెట్రోలు పోయించిన ప్రతిసారీ నీళ్లూ పోయాలి.

## బిగించుకోవాలా వద్దా

నా యాక్టివాకి, బుల్లెట్‌కి, స్విఫ్ట్‌కి పెడితే?

వద్దు. టర్బో లేని, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న ఇంజిన్లు బంకు పెట్రోలుతో హాయిగా నడిచేలా చేసినవే. టైమింగ్ ఎలాగూ మారదు, తుంపర వల్ల మంట నెమ్మదిస్తుంది, ఉన్న పికప్ కాస్త పోతుంది. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించండి.

మరి ఎవరికి పనికొస్తుంది?

టర్బో పెట్రోలు కారు ఉండి, రీమ్యాప్ చేయించి, టర్బో ఒత్తిడి పెంచి, ఇక నాకింగ్ దగ్గర ఆగిపోయినవాళ్లకు. ట్రాక్ మీద, డ్రాగ్ పోటీల్లో తిప్పేవాళ్లకు. ఈసీయూని నీళ్లకు తగ్గట్టు మళ్లీ ట్యూన్ చేయగల మనిషి దగ్గరలో ఉన్నవాళ్లకు. ఈ మూడోది లేకపోతే మొదటి రెండూ ఉన్నా లాభం లేదు.

దీనికి బదులు 95 ఆక్టేన్ పెట్రోలు పోయిస్తే సరిపోదా?

చాలామందికి సరిపోతుంది, నా ఓటు దానికే. నీటి పనీ, ఎక్కువ ఆక్టేన్ పనీ ఒకటే: నాకింగ్‌ని దూరం నెట్టడం. బంకులో దొరికే 95, 100 ఆక్టేన్ రకాలతో ఏ పైపూ బిగించకుండానే కొంత దూరం వెళ్లొచ్చు. ఇప్పుడు అంతటా వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు మైలేజీ తగ్గిస్తుందని తిట్టుకుంటున్నాం గానీ, నాకింగ్ విషయంలో అది మేలే చేస్తుంది. ఇథనాల్ ఆక్టేన్ ఎక్కువ, గుప్తోష్ణం పెట్రోలుకు రెట్టింపు పైనే.

సెలైన్ సీసా, డ్రిప్ పైపుతో యాభై రూపాయల్లో చేసుకోవచ్చని వీడియోల్లో చూపిస్తున్నారు. చేయమంటారా?

చేయొద్దు. దాని లోపం ఖరీదులో లేదు, లెక్కే తలకిందులుగా ఉంది. ఆ పైపుని ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి గుచ్చితే నీళ్లను లాగేది అక్కడి వాక్యూమ్. వాక్యూమ్ ఎక్కువ ఉండేది బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు. అప్పుడు నీళ్లతో పనే లేదు. పూర్తిగా తొక్కినప్పుడు వాక్యూమ్ దాదాపు మాయమవుతుంది, టర్బో బండిలో ఎదురు ఒత్తిడే వస్తుంది. నీళ్లు కావలసిన క్షణంలో ఒక్క చుక్కా రాదు. పైగా వచ్చేది తుంపర కాదు, చుక్కలు. ఏ సిలిండర్ దగ్గరుంటే దానికే ఎక్కువ పోతాయి. వీడియోలో మైలేజీ పెరిగిందని చూపిస్తే, అది మెల్లగా నడిపిన కాలు మహిమ.

వారంటీ, ఆర్‌టీఓ, ఇన్సూరెన్స్ గొడవలుంటాయా?

ఉంటాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీ సంస్థ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఇంజిన్ మీద చేయి చేసుకున్నారని తెలిస్తే కంపెనీ వారంటీ ఇవ్వనంటుంది. చెప్పకుండా చేసిన మార్పును ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ కాదనడానికి సాకుగా వాడుకోవచ్చు. ట్రాక్ మీద మాత్రమే తిరిగే బండికి ఈ చిక్కులు తక్కువ.

## బిగించేటప్పుడు, ఆ తర్వాత

కిట్‌లో ఏమేం ఉండాలి?

ట్యాంకు, 7 నుంచి 15 బార్ దాకా ఒత్తిడి ఇచ్చే పంపు, నాజిల్, దాని దగ్గర సోలనాయిడ్ వాల్వు, టర్బో ఒత్తిడినో ఇంజెక్టర్ పనినో చూసి మోతాదు నిర్ణయించే కంట్రోలర్. నీటి మట్టం చెప్పే సెన్సర్, నీరు నిజంగా పారుతోందో లేదో చూసే ఫ్లో సెన్సర్ కూడా ఉండాలి. ఈ చివరి రెండూ లేకుండా చవకగా వస్తుందంటే ఆ చవకకు మూల్యం పిస్టన్లే.

నాజిల్ ఎక్కడ పెట్టాలి?

ఇంటర్‌కూలర్ దాటాక, థ్రాటిల్‌కి (ఎక్సలరేటర్ తొక్కితే గాలికి దారి తెరిచే మూతకి) కాస్త ముందు. ఇంటర్‌కూలర్‌కి ముందు పెడితే నీళ్లు అందులోనే పేరుకుంటాయి. గాలి కొలిచే సెన్సర్ మీద తుంపర పడితే రీడింగ్ తప్పుతుంది, కాబట్టి దానికి అవతలివైపే ఉండాలి. ఒక్క నాజిల్‌తో నాలుగు సిలిండర్లకూ సమానంగా అందదు. పోటీ బండ్లలో సిలిండర్‌కొకటి పెడతారు. ట్యాంకు నాజిల్ కన్నా ఎత్తులో ఉంటే ఆపిన బండిలోకి నీళ్లు జారే ప్రమాదముంది, వాల్వు తప్పనిసరి.

ఎన్ని నీళ్లు కొట్టాలి?

పోసే ఇంధనం బరువులో 10 నుంచి 25 శాతం అన్నది సాధారణంగా మొదలుపెట్టే హద్దు. తక్కువైతే నాకింగ్ ఆగదు, ఎక్కువైతే మంట తడబడి మిస్‌ఫైర్ అవుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, గట్టి లోడ్‌లో మాత్రమే కొట్టాలి.

బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు, ఏసీ నీళ్లు: ఏవి పోయొచ్చు?

డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. బ్యాటరీల కోసం బంకుల్లో, స్పేర్‌పార్టుల షాపుల్లో డబ్బాల్లో అమ్మేది చాలు.

బోరు నీళ్ల జోలికి అసలు పోవద్దు. గీజర్ రాడ్ మీద తెల్లగా పేరుకునే పొర చూశారుగా. అదే కాల్షియం, మెగ్నీషియం లవణాల పొర నాజిల్ కన్నంలో పేరుకుంటుంది. ఆ కన్నం మిల్లీమీటరులో సగముంటే గొప్ప. మిగిలింది వాల్వుల మీద, ప్లగ్ మీద చేరుతుంది. ఆర్‌ఓ నీళ్లు వాటికన్నా నయమే గానీ, రుచి కోసం కొన్ని లవణాలు ఉంచుతారు కాబట్టి అవీ పనికిరావు. ఏసీ నుంచి కారే నీరు గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చిందే, లవణాలు తక్కువే. అయితే ఏసీ లోపలి కాయిల్ మీది దుమ్ము, బూజు, లోహపు రేణువులు అందులో కలుస్తాయి. కుండీలో మొక్కలకు పోసుకోండి.

మెథనాల్ ఎందుకు కలుపుతారు? మనమూ కలపొచ్చా?

మెథనాల్ తనే మండే ఇంధనం, ఆక్టేన్ ఎక్కువ, గుప్తోష్ణం కిలోకు సుమారు 1,100 కిలోజౌళ్లు. నీటిలో సగం కలిపితే చలికి గడ్డకట్టదు కూడా. గుణాలన్నీ నిజమే. కానీ కల్తీసారా తాగి చూపు పోయిందని, ప్రాణాలు పోయాయని పేపర్లో చదివే వార్తల్లో చాలావాటికి కారణం ఇదే మెథనాల్. చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. స్వచ్ఛమైనది మండితే పగటి వెలుగులో మంట సరిగా కనబడదు. దాన్ని కొనడం, నిల్వ చేయడం మీద ప్రభుత్వ నియంత్రణ ఉంది. పిల్లలు తిరిగే ఇంట్లో, గ్యారేజీలో క్యాన్ పెట్టుకోవద్దు. మన ఎండలకు ఉత్త నీళ్లే చాలు.

మేం అమెరికాలో ఉంటాం, చలికాలంలో ట్యాంకు గడ్డకట్టదా?

చికాగోలోనో మినియాపోలిస్‌లోనో ఉంటే ఉత్త నీళ్లు తప్పకుండా గడ్డకడతాయి, పంపు పగులుతుంది. అక్కడ చాలామంది అద్దాలు తుడిచే నీలం రంగు వాషర్ ద్రవం పోస్తారు, అందులో మెథనాల్ ఉంటుంది. సబ్బు, వాన నీరు జారిపోయే రసాయనాలు కలిసిన రకం మాత్రం వాడకండి, నాజిల్‌కి మంచిది కాదు. లేదా చలికాలం నాలుగు నెలలు ట్యాంకు ఖాళీ చేసి మామూలు ట్యూన్‌కి మార్చుకోండి.

దారి మధ్యలో నీళ్లు అయిపోతే?

ఏర్పాటు సరిగా ఉంటే ఈసీయూ వెంటనే టర్బో ఒత్తిడి తగ్గించి, టైమింగ్ వెనక్కి లాగి, మామూలు బండిలా నడిపిస్తుంది. ఆ ఏర్పాటు లేకుండా నీళ్లను నమ్మి టైమింగ్ పెంచి ఉంటే, తర్వాతి ఓవర్‌టేక్‌లోనే నాకింగ్ మొదలవుతుంది. బిగించాక మొదటి పరీక్షగా ట్యాంకు ఖాళీ ఉంచి, ఈసీయూ నిజంగా వెనక్కి తగ్గుతోందో లేదో చూడమని ట్యూనర్‌ని అడగండి. చూపించనంటే బండి తెచ్చేసుకోండి.

ఆయిల్ మూత కింద తెల్లటి జిగురు కనిపిస్తోంది. నీళ్లు ఆయిల్‌లో కలిశాయా?

కలిసి ఉండొచ్చు. ఇంజిన్ వేడెక్కకముందే తుంపర మొదలైతే నీరు సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఆయిల్‌తో చిలికినట్టవుతుంది. మూత దగ్గర మాత్రమే కొద్దిగా ఉండి, లాంగ్ డ్రైవ్ తర్వాత పోతే ఊరికే తేమ. నీళ్ల కిట్ లేని బండ్లలోనూ చలికాలం పొట్టి ప్రయాణాలకు ఇలా వస్తుంది. డిప్‌స్టిక్ మీద కూడా తెల్లగా కనిపిస్తే ఆయిల్ మార్చి, కిట్ ఆపేసి, ఎంత వేడి దగ్గర పంపు మొదలవుతోందో చూపించుకోండి. రేడియేటర్‌లో కూలెంట్ కూడా తగ్గుతుంటే తప్పు కిట్‌ది కాకపోవచ్చు, హెడ్ గ్యాస్కెట్ చూడమనండి.

నీళ్లు కొడితే లోపలి కార్బన్ కరిగిపోతుందంటారు, నిజమా?

నిజమే. ఆవిరి తగిలి పిస్టన్ మీద, హెడ్‌లో పేరుకున్న మసి పెచ్చులుగా ఊడుతుంది. కార్బ్యురేటర్ రోజుల్లో మెకానిక్‌లు ఇంజిన్‌ని పెద్ద రేస్‌లో పెట్టి సన్నగా నీళ్లు చిమ్మి డీకార్బనైజ్ చేసేవాళ్లు. ఇప్పటి బండ్లలో ఆ చిట్కా ప్రయోగించొద్దు. ఊడిన పెచ్చులు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోనో టర్బోలోనో చిక్కుకుంటే, మార్చడానికయ్యే ఖర్చుతో పాత బుల్లెట్ ఒకటి వస్తుంది.